మూడు వేళ్ళ రొట్టె

పోయిన వారం మనం హులిగెమ్మను వంటింటి తలుపు చాటున వదిలి వచ్చాం. ఆదివారం పొద్దున. గనికి సెలవు. వాకిట్లో గనిమేస్త్రీ హనుమన్న, అతని భార్య ఈరమ్మ, వాళ్ళ వెనక పదిపన్నెండు మంది ఆడకూలీలు నిలబడి ఉన్నారు. ఈరమ్మ నెత్తిమీది గంప దించింది. అందులో ఈ ఇంటినుంచి పోయిన ఎండు రొట్టెలు. "ఈ రొట్టె తట్టిన చెయ్యి యాడుండాదో ఒకసారి చూపియ్యి రెడ్డెమ్మా" అని ఈరమ్మ, హులిగెమ్మ అత్త అయిన నాగలక్ష్మమ్మను అడిగింది. ఆ మాటకు లోపల హులిగెమ్మ తలుపును ఇంకాస్త దగ్గరగా లాక్కుంది.

ఎందుకంటే ఆ రొట్టెలు తట్టిన చెయ్యి హులిగెమ్మది కాదు.

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిన దగ్గరనుంచి బేతంచెర్ల బండలకు గిరాకీ పెరిగింది. ఎన్ని కోసినా లారీలకు చాలడం లేదు. చీకటుండగానే మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ గనిలో దిగాలి. పొయ్యి రాజేసే తీరిక ఏ ఇంటా లేదు. భర్త పోయాక గనిని చేతిలోకి తీసుకున్న నాగలక్ష్మమ్మ దానికొక ఉపాయం చేసింది. ప్రతి సోమవారం ఇంటికొక మూట. మూటలో వారానికి సరిపడా జొన్నరొట్టెలు, అప్పడాల్లా ఎండినవి, నెల గడిచినా చెడనివి. ఉడికిన కందిపప్పులో చింతపండు, కారం, ఉప్పు వేసి మెదిపి, బండలమీద ఎండబెట్టిన పులుసు బిళ్ళలు. గోరుచిక్కుడు వరుగులు, వంకాయ వరుగులు. నీళ్ళు కాగబెట్టి రెండు బిళ్ళలూ గుప్పెడు వరుగులూ వేస్తే పులుసు. అందులో రొట్టె విరిచి వేసుకుంటే కూడు. ఒక చుట్ట కాలేంత సేపట్లో ఇంటిల్లిపాదీ తిని పనికి పోవచ్చు. ఆడవాళ్ళు మొదట్లో నాగలక్ష్మమ్మకు దండాలు పెట్టారు. వంట దగ్గర మిగిలిన ఆ గంటా రెండు గంటలూ కూడా గనికే పోయాయని వాళ్ళకు తర్వాత తెలిసింది.

రొట్టెలు ఎవరు చేస్తారని అడిగితే నాగలక్ష్మమ్మ, "నా కోడలు. ఆదోని పక్క పిల్ల" అనేది. ఆ పక్క ఆడవాళ్ళ రొట్టెకు పేరుంది. ఆ పేరు చూసే ఆమె హులిగెమ్మను కోడలిగా తెచ్చుకుంది. పిల్ల పుట్టింది ఆదోని పక్కనే గాని పెరిగింది గుంతకల్లు రైలు కాలనీలో, రేషను బియ్యం తిని. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. కాపురానికి వచ్చిన మొదటి రోజు హులిగెమ్మ తట్టిన రొట్టెలు పదికి పది పెనం మీద పడకముందే విరిగిపోయాయి. అత్త తిట్టలేదు, కొట్టలేదు. విరిగిన ముక్కలన్నీ ఒక తట్టలో పోసి, అవి అయిపోయేదాకా నాలుగు రోజులు, ఆ పచ్చి ముక్కలే ఆమెకు కూడుగా పెట్టింది. అయిదో రోజు ఊరవతలి చర్చిపాలెం నుంచి కృపమణిని పిలిపించి వెనక కొట్టంలో కూర్చోబెట్టింది.

కృపమణి ఆలూరు పక్కకు పత్తి కోతలకు పోయి రొట్టె నేర్చుకున్న మనిషి. పోయినేడు ఈ గనిలోనే బండ జారి ఆమె కుడిచేతి చూపుడువేలు నడిమి కణుపుదాకా పోయింది. ఆ తర్వాత గడ్డపార పట్టలేకపోయింది గాని రొట్టె తట్టగలదు. పాలెం మనిషి చేసిందని తెలిస్తే గనికొట్టాల వాళ్ళు ఒక్క తునక ముట్టరు. అందుకని ఆమె దొడ్డిదారిన వచ్చి దొడ్డిదారిన పోయేది. ఆరు నెలలుగా ఆ సంగతి ముగ్గురు ఆడవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఈరమ్మ దాన్ని గంపలో పెట్టుకుని వచ్చింది.

నాగలక్ష్మమ్మ అరుగుమీద ఈలపీట ముందేసుకుని వరుగులకు వంకాయలు కోస్తూ ఉంది. కోయడం ఆపలేదు.

"ఏం ఈరమ్మా, రొట్టె బాగలేదా? పురుగు పట్టెనా?"

"రొట్టె బాగుండాది. శానా బాగుండాది. చిక్కంతా చెయ్యితోనే." ఈరమ్మ ఒక రొట్టె తీసి ఎండకు ఎత్తి పట్టింది. "సూడు రెడ్డెమ్మా. ఇది చిటికెనవేలు. ఇది ఉంగరమేలు. ఇది నడిమేలు. నాలుగోది యాడ? దాని తావులో ఇంత గుంట, అంతే. మొండి కొన తాకినట్లుండాది. ఒకదాంట్లో కాదు. గంపంతా సూసినా. అన్నీ మూడు వేళ్ళ రొట్టెలే."

"అయితే?"

"వేలు తెగినామె ఈ ఊర్లో ఒకతే. పాలెంలో ఉండాది. నీ గనిలోనే తెగింది."

కత్తికి ఆనించిన వంకాయ రెండుగా చీలి పళ్ళెంలో పడింది. నాగలక్ష్మమ్మ ఇంకొకటి తీసుకుంది.

ఈరమ్మ గొంతు పెంచలేదు. మూటలకు వచ్చినప్పుడల్లా అరిచి మాట్లాడే మనిషి ఇంత మెల్లగా మాట్లాడడం హులిగెమ్మ ఎప్పుడూ వినలేదు. "మా కులంలో ఇది తెలిస్తే ఏం చేస్తారో ఎరుగుదువా? పెద్దోళ్ళు కూచోబెట్టి, మైల పోవల్లని బంగారు తీగె కాల్చి, నాలుకకు పెడతారు. తిన్నోళ్ళందరికీ పెడతారు. నా సిన్నదానికి మూడో ఏడు. దాని నాలుక పట్టుకోమని నాకే చెప్తారు రెడ్డెమ్మా. తల్లే పట్టుకోవల్ల."

 హనుమన్న కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"అది నిజమే అయితే," అన్నాడు, "మా నాలుకలు కాలేముందు పాలెం కాల్తాది. ఒక్క కొట్టం మిగల్నియ్యం. ముందే చెప్పిపోదామని వచ్చినా, నీ ఉప్పు తిన్నోణ్ణి గదా."

నాగలక్ష్మమ్మ అప్పుడు తలెత్తింది. ఆమె మొహంలో భయం లేదు. బండ మీద ఎక్కడ ఉలి ఆనిస్తే నిలువునా చీలుతుందో చూసే మేస్త్రీలాగా ఒక్కొక్కరి మొహమూ చూసింది. తర్వాత నవ్వింది.

"నా పరువు మీ గంపలో పెట్టుకోని ఊరంతా తిప్పుతాండారు గదప్పా! సరే, ఇనుండ్రి. నా కోడలికి వేలు లేదు. చాలునా?"

తలుపు చాటున హులిగెమ్మ తన కుడిచేతిని చూసుకుంది. అయిదు వేళ్ళూ ఉన్నాయి.

"గుంతకల్లులో రైలు పెట్టె తలుపులో నలిగి తెగిపోయింది. పెండ్లి చూపులప్పుడు కొంగు కింద చెయ్యి దాచి, నా కొడుక్కు అంటగట్టినారు. మోసపోయినామని తప్పెట కొట్టించుకోవాల్నా? అందుకే దాన్ని వాకిలి దాటనియ్యను. కాపరానికొచ్చి ఆర్నెల్లాయె. మీలో ఎవురన్నా దాని చెయ్యి సూసినారా? చెప్పుండ్రి."

ఎవరూ చూడలేదు. అది మాత్రం నిజం. ఆరు నెలల్లో హులిగెమ్మ ఈ వాకిలి దాటింది రెండుసార్లు, రెండుసార్లూ చీకట్లో. పుట్టింటికి ఒక ఉత్తరం రాస్తానంటే కూడా అత్త వద్దంది. అప్పుడు ఆ కట్టడికి అర్థం తెలియలేదు. అర్థం ఏమీ లేదు కూడా. అది అత్త స్వభావం. ఈ రోజు దానికొక పని దొరికింది.

"పిలువు, సూస్తాము," అంది ఈరమ్మ.

"చీర మార్చుకోని వస్తాది. నలుగురి ముందుకు వచ్చే పిల్ల, ఊరికే వస్తాదా?"

నాగలక్ష్మమ్మ లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఒక్కమాట మాట్లాడకుండా కోడలి కుడిచెయ్యి అందుకుని, చూపుడువేలిని నడిమి కణుపు దగ్గర మడిచింది. ఇంకా మడిచింది. గోరు వేలి మొదట్లో దిగబడేదాకా మడిచింది. హులిగెమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. అత్త ఒక పాత చీర పేలిక తడిపి వేలి చుట్టూ గట్టిగా చుట్టింది. తర్వాత బొడ్డులోంచి సున్నపు కాయ తీసి, వేలితో ఇంత సున్నం తీసి, అరచేతిలో పసుపుతో కలిపింది. పసుపు చూస్తుండగానే ఎర్రబడింది. దాన్ని కట్టు కొసన అద్దింది. ఎవరు చూసినా నెత్తురు ఊరిన గుడ్డ అనుకుంటారు.

"అత్తమ్మా, కట్టు విప్పమంటే..."

"విప్పమనరు. అంటే నేనుండా గదా." అత్త ఆమె పమిట సర్దింది, తల్లి సర్దినట్టు. "నువ్వు నోరిప్పితే ఏమైతాదో ఇన్నావు గదా? ముందు కాలేది ఆ కృపమణి కొట్టమే. దాని పిల్లోళ్ళు లోపల ఉన్నా కాలుస్తారు. నీకిష్టమైతే చెప్పు, పో."

హులిగెమ్మ వాకిట్లోకి వచ్చింది. అత్త మళ్ళీ ఈలపీట ముందు కూర్చుంది. ఎండ ఒక్కసారిగా కళ్ళలో కొట్టింది. ఆడవాళ్ళు ఆమె మొహం చూడలేదు, అందరి కళ్ళూ చేతిమీదనే. ఒకామె "అయ్యో, నెత్తురు ఇంకా కారుతాండాదే" అంది. వెనకనుంచి ఇంకొకామె, "వేలు లేనిదాని కోసరం ఆదోనిదాకా ఎందుకు పోయినావు రెడ్డెమ్మా? నీ గనిలోనే కావల్సినంత మంది దొరుకుతారు గదా" అంది. అందరూ నవ్వారు. నాగలక్ష్మమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వుతో వాకిలి కాస్త తేలికపడింది.

ఈరమ్మ నవ్వలేదు.

"పెండ్లికి ముందే తెగిన వేలు ఇంకా పచ్చిగా ఎందుకుండాది?"

"దినానికి నూరు రొట్టెలు తడ్తే మానుతాదా? తట్టినప్పుడల్లా పగులుతాది. మీ మూటల కోసరమే, మీ పిల్లోళ్ళ కడుపు కోసరమే," అంది నాగలక్ష్మమ్మ.

ఈరమ్మ హులిగెమ్మ కళ్ళలోకి చూసింది. "అయితే మా ఎదురుగా ఒకటి తట్టు, సిన్నమ్మా. ఒకే ఒకటి. నా బిడ్డకు పెట్టేముందు నా కండ్లతో సూసుకోవల్ల."

నాగలక్ష్మమ్మ చేతిలో వంకాయ ఒక క్షణం ఆగింది. ఆ క్షణాన్ని హులిగెమ్మ ఒక్కతే చూసింది. కోడలికి రొట్టె రాదని అత్తకు తెలుసు. మధ్యాహ్నం పూట, అత్త కునుకు తీసే వేళ, వెనక కొట్టంలో కృపమణి ఆమెకు రొట్టె నేర్పుతున్నదని మాత్రం తెలియదు. ఆ నేర్పిన రొట్టె కూడా ఇంతవరకు ఒక్కటీ విరగకుండా రాలేదు.

వాకిట్లోనే మూడు రాళ్ళ పొయ్యి వెలిగించారు. పెనం ఎక్కింది. నున్నటి నాపబండ కడిగి ముందు పెట్టారు. హులిగెమ్మ జొన్నపిండిలో వేడినీళ్ళు పోసి కలిపింది. ముద్ద చేసి బండమీద పెట్టి తట్టడం మొదలుపెట్టింది. కట్టుకట్టిన వేలిని పైకెత్తి పట్టుకుంది. దెబ్బ దెబ్బకూ మడిచిన కణుపులో సూది దిగినట్టు ఉంది. ముద్ద అరచేయంత అయింది, విస్తరించింది, అంచు చీలింది, ఎత్తబోతే మధ్యకు రెండు తునకలై చేతిలోకి వచ్చింది.

హనుమన్న ఒక అడుగు ముందుకు వేశాడు.

"తొందరపడొద్దప్పా," అంది నాగలక్ష్మమ్మ. "ఇంతమంది మొగం మీద నిలబడితే ఎవరికైనా చెయ్యి వణుకుతాది. పిండికి వేడి చాల్లేదు, అంతే." పొయ్యిపక్కన కాగుతున్న చెంబు ఎత్తి పిండిలో పోసింది. పిండిలో హులిగెమ్మ ఎడమచెయ్యి ఉంది. ఆ సంగతి అత్తకు తెలియకపోలేదు. పోస్తూ కోడలి చెవి దగ్గర, "ఇంకొకటి విరిగితే రెండో చెంబు నెత్తిన పోస్తా" అంది, నవ్వుతూనే.

హులిగెమ్మ అరవలేదు. అరిస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. కాలిన చేత్తోనే పిండి పిసికింది. అప్పుడు ఆమెకు కృపమణి మాట గుర్తుకొచ్చింది. ఎన్నిసార్లు విరిగినా కృపమణి విసుక్కునేది కాదు. వెనక కూర్చుని, మొండివేలి చేతిని ఆమె చేతిమీద పెట్టి, "కండ్లు మూసుకో చిన్నమ్మా. చేతిని సూడొద్దు. చప్పుడు ఇను" అనేది. "మందంగా ఉన్నప్పుడు ముద్ద గొంతు బండగా ఉంటాది. పలచనయ్యేకొద్దీ సన్నబడ్తాది. యాడ సన్నబడ్లేదో ఆడ కొట్టు."

హులిగెమ్మ కళ్ళు మూసుకుంది. వాకిలి లేదు, ఆడవాళ్ళు లేరు. బండ, ముద్ద, చెయ్యి. దబ్ దబ్ మని మొదలైన చప్పుడు తిరుగుతూ తిరుగుతూ పల్చబడింది. ఒకచోట ఇంకా మొద్దుగా ఉంది, అక్కడ కొట్టింది. వేలి నొప్పి కూడా ఆ చప్పుడులోకే పోయింది. కళ్ళు తెరిచేసరికి బండమీద పళ్ళెమంత రొట్టె, అంచు చెదరకుండా, పున్నమి చంద్రుడిలాగా ఉంది. రెండు చేతులమీద ఎత్తి పెనం మీద వేసింది. విరగలేదు. తడిగుడ్డతో పైన తుడిచి, తిరగేసింది. పొంగింది.

పుట్టి బుద్ధెరిగాక అది ఆమె విరగకుండా చేసిన మొదటి రొట్టె. ఆ క్షణంలో, ఎందుకో, ఆమెకు నవ్వొచ్చింది. చిన్నపిల్లలాగా తలెత్తి అత్త మొహంలోకి చూసింది. అత్త రొట్టెను చూడడం లేదు. కట్టును చూస్తూ ఉంది.

ఈరమ్మ వేడి రొట్టెను చేతుల్లో మార్చుకుంటూ ఎండకు పట్టింది. మూడు వేళ్ళ గుర్తులు. నాలుగో చోట ఖాళీ. ఆడవాళ్ళందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. "ఆ పిల్లదే, ఆ పిల్లదే" అన్నారు. ఒకామె హులిగెమ్మ గడ్డం పట్టుకుంది. హనుమన్న కండువా భుజాన వేసుకుని, "తప్పైపోయింది రెడ్డెమ్మా" అని చేతులు జోడించబోయాడు.

"ఉండు మావా." ఈరమ్మ గంపలోంచి పాత రొట్టె తీసి కొత్తదాని పక్కన పెట్టింది. చాలా సేపు చూసింది. "దీంట్లో గుంట ఉండాది. మొండి కొన తాకిన గుంట. దీంట్లో లేదు."

"గుడ్డ కట్టుండాది గదా, ఎట్ల పడ్తాది?" అంది నాగలక్ష్మమ్మ.

"దినామూ నూరు రొట్టెలు తట్టేటప్పుడు గుడ్డ లేదా?"

నాగలక్ష్మమ్మ పొయ్యిలోని కట్టెను ఒకటి లోపలికి తోసింది. 

"నిన్ననే కట్టు కట్టినా. పుండు పెద్దదైందని," అంది చివరకు.

"సరే. పచ్చి పుండు ఇప్పమని నేనడగను. నేనూ ఆడదాన్నే." ఈరమ్మ గంప ఎత్తుకుంది. "వచ్చే ఆదివారం వస్తాము. అంతదాంక ఈ మూటలు ఎవరమూ ముట్టము. ఆ పొద్దు గుడ్డ లేకుండా ఒక్క రొట్టె తట్టల్ల. ఈ గుంట పడల్ల. పడితే నీ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటా. పడకపోతే..."

"పడకపోతే మా మొగోళ్ళు ఇటు రారు రెడ్డెమ్మా," అన్నాడు హనుమన్న. "నేరుగా పాలేనికే పోతారు."

వాళ్ళు వెళ్ళిపోయారు. రాతిపొడి పట్టిన కాళ్ళ గుర్తులు వాకిట్లో మిగిలాయి. హులిగెమ్మ అరుగుకు ఆనుకుని కట్టు ముడి విప్పుకోబోయింది. వేలు నల్లబడి, తిమ్మిరెక్కి, తనది కానట్టు ఉంది.

"విప్పొద్దు," అంది అత్త.

ఆ మాటలో కోపం లేదు. అదే హులిగెమ్మను భయపెట్టింది. నాగలక్ష్మమ్మ విరగని రొట్టెను చేతిలోకి తీసుకుని, ఒక తునక తుంచి, నమిలి చూసింది.

"ఎప్పుడు నేర్చుకున్నావే?"

హులిగెమ్మ చెప్పింది. చెప్పక తప్పలేదు.

"మంచిదే. నువ్వు విరగ్గొట్టింటే ఈ పొద్దే నిన్ను గుంతకల్లు రైలెక్కించేదాన్ని. మోసం చేసినారని చెప్పి, ఇంకొక పిల్లను తెచ్చుకునేదాన్ని. ఇప్పుడు పనికొస్తావు."

పనికొస్తావు అన్న ఆ ఒక్క మాట కోసం హులిగెమ్మ ఆరునెలలు ఎదురుచూసింది. ఇప్పుడు విన్నాక, రైలెక్కడమే మేలనిపించింది.

పాలెంలో ప్రార్థన అయిపోయినట్టు గంట వినిపించింది. ఇంకాసేపటికి దొడ్డి తలుపు కిర్రుమంది. కృపమణి వచ్చింది. చర్చికి కట్టుకున్న తెల్లచీర మీదనే ఉంది. రేపటి మూటలకు పిండి కలపాలని నేరుగా వచ్చేసింది. వాకిట్లో పొయ్యి, పెనం, రొట్టె చూసి ఆగిపోయింది. "ఎవరు తట్టినారమ్మా?" అంది. హులిగెమ్మ వైపు చూసి, ఆమె మొహమంతా వెలుగైంది. "చిన్నమ్మా! నువ్వేనా? విరగలేదే!"

"రా కృపా, కూచో," అంది నాగలక్ష్మమ్మ. ఆరునెలల్లో ఆమెను కూర్చోమనడం అదే మొదటిసారి. "నిన్నొకటి అడగల్ల. నీ వేలు తెగినప్పుడు పుండు ఆరేదానికి ఎన్నాళ్ళు పట్టె?"

కృపమణి అరుగు కింద, దూరంగా, నేలమీద కూర్చుంది. మొండివేలిని చూసుకుంది. "ఎక్కువ పట్టలేదమ్మా. మా అత్త కాగిన నూనెలో ముంచింది. ఎనిమిది దినాలకు పక్కు కట్టింది. పదోదినం రొట్టె తట్టినా."

"ఎనిమిది దినాలు." నాగలక్ష్మమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "ఈ ఆదివారం, వచ్చే ఆదివారం. సరిగ్గా ఎనిమిది. పక్కు కడితే చాలు."

తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పింది. గంప, గుంట, కాల్చిన బంగారు తీగె, హనుమన్న మాట. దేన్నీ పెంచలేదు, తగ్గించలేదు. కృపమణి వింటూ వింటూ హులిగెమ్మ కట్టును చూసింది. కట్టు మీద ఎర్రగా ఎండిన సున్నాన్ని చూసింది. మొదట ఆమెకు అర్థం కాలేదు. అర్థమైనప్పుడు తన మొండివేలిని కొంగులో దాచుకుంది.

"నేర్పించింది నువ్వే," అంది నాగలక్ష్మమ్మ. "నేర్పించకుంటే ఇంతదాంక రాకపోవు. ఇంక మీదట నువ్వు రానక్కర్లేదు కృపా. రొట్టెలు అదే చేసుకుంటాది. నీ కొట్టం నిలబడ్తాది. నీ పిల్లోళ్ళు ఉంటారు. పాలెంలో ఎన్ని కొట్టాలున్నాయి?"

"నలభై, అమ్మా."

"నలభై కొట్టాలు. ఒక్క వేలు."

"అత్తమ్మా," అంది హులిగెమ్మ.  "బండల లారీల వెంట పోయిన ఆయన మంగళవారం వస్తారు. ఆయనకు ఏం చెప్తారు?"

"వంకాయలు కోస్తాంటే ఈలపీట జారిందని చెప్తా. రైలు కాలనీ పిల్లకు ఈలపీట ముందర కూచునేది ఏం తెలుస్తాది?"

నాగలక్ష్మమ్మ కోడలి చెయ్యి లాగి కట్టు విప్పింది. వేలు తనంత తాను తెరుచుకోలేకపోయింది. ఒక్కొక్క కణుపూ ఆమే సాగదీసింది. "కృపా, నీ చెయ్యి ఈడ పెట్టు" అంది. కృపమణి చెయ్యి అరుగుమీదికి వచ్చింది. పాలెం చెయ్యి ఆ అరుగును తాకడం అదే మొదలు, నాగలక్ష్మమ్మ ఏమీ అనలేదు. రెండు చేతులనూ పక్కపక్కన పెట్టి, బట్టల అంగట్లో గుడ్డ కొలిచినట్టు కొలిచింది. సున్నపు కాయలో వేలు ముంచి, హులిగెమ్మ చూపుడువేలి మీద, నడిమి కణుపుకు కొంచెం పైన, అడ్డంగా ఒక తెల్లటి గీత గీసింది. తల వెనక్కి వంచి చూసుకుంది. గీత కొంచెం పైకి వచ్చిందనిపించి తుడిచి, ఇంకొంచెం కిందికి గీసింది.

తర్వాత వంకాయల పళ్ళెం పక్కకు జరిపి, ఈలపీటను ఇటు తిప్పింది. కత్తికి అంటిన గింజలను కొంగుతో తుడిచింది.

"నూనె పొయ్యిమీద పెట్టు కృపా. అంతకుముందు ఆ వీధి తలుపు గడియ వెయ్యి."

కృపమణి లేచింది. హులిగెమ్మ ఆమె తెల్లచీర వైపే చూస్తూ ఉండిపోయింది. తలుపు తెరిచి ఉంది. అవతల వీధి, ఎండ, ఎండలో ఎవరో బండలు పేరుస్తున్న చప్పుడు. కృపమణి గడపలో నిలబడి, పాలెం ఉన్న దిక్కుకు ఒకసారి చూసింది. ఆమె ఇప్పుడు పరుగెత్తవచ్చు. పరుగెత్తి ఎవరినైనా పిలవవచ్చు. పిలిచి ఏమని చెబుతుంది?

తలుపు మూసుకుంది. గడియ పడింది. కృపమణి లోపలే ఉంది.

ఆమె వెనక్కి వచ్చింది. ఈసారి దూరంగా కూర్చోలేదు. హులిగెమ్మ వెనక, వెనక కొట్టంలో రోజూ కూర్చునేంత దగ్గరగా కూర్చుంది. మూడు వేళ్ళ చెయ్యి ముందుకు వచ్చి హులిగెమ్మ మణికట్టును పట్టుకుంది. ఆ పట్టు లాగి కాపాడేదో, కదలకుండా ఆపేదో హులిగెమ్మకు తెలియలేదు. చెవి దగ్గర వినిపించిన గొంతు మాత్రం ఎప్పటిదే, అంతే మెత్తగా ఉంది.

"కండ్లు మూసుకో, చిన్నమ్మా."